వేడిని ఆపేదల్లా కరెంటును ఆపదు

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

మీ పత్రిక హైదరాబాద్ అనుబంధంలో ఇటీవల వేసవి జాగ్రత్తలపై వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. వడదెబ్బ గురించి, నీళ్లు తాగవలసిన తీరు గురించి అందులో చెప్పినవన్నీ ఉపయోగపడేవే. అయితే వ్యాసం చివర ఇచ్చిన పట్టికలో ప్లాస్టిక్, చెక్క, రబ్బరు, పింగాణీ, థర్మోకోల్‌లను ఒక వరుసలో చేర్చి ‘ఇవి వేడినీ, కరెంటునూ రానివ్వవు, కనుక సురక్షితం’ అనీ, రాగి, అల్యూమినియం, ఇనుములను ఇంకొక వరుసలో చేర్చి ‘ఇవి రెండింటినీ ప్రవహింపజేస్తాయి, కనుక ప్రమాదకరం’ అనీ ముద్రించారు. ముప్పై ఏళ్లకు పైగా ఉన్నత పాఠశాలల్లో భౌతికశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న నేను ఆ పట్టికను చూసి ఊరుకోలేకపోయాను. పరీక్షలో ఒక మార్కు జవాబుగా అది చెల్లుతుందేమో గాని, స్నానాల గదిలోనూ పైకప్పు కిందా దానిని నమ్మి నడుచుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. వేడిని ఆపడం, కరెంటును ఆపడం వేర్వేరు గుణాలు. పైగా మన ఇళ్లలో చాలాచోట్ల మొదటిది రెండోదాన్ని చెరుపుతోంది. ఈ లేఖలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

పట్టిక తయారుచేసినవారు ఎక్కడ పొరబడ్డారో నాకు అర్థమైంది. లోహాల వరకు చూస్తే వారి మాట నిజమే. లోహంలో ఏ పరమాణువుకూ కట్టుబడకుండా తిరిగే ఎలక్ట్రాన్లే కరెంటును మోసుకుపోతాయి, వేడిలో అధిక భాగాన్నీ అవే మోసుకుపోతాయి. 1853లో వీడెమాన్, ఫ్రాంజ్ అనే జర్మన్ శాస్త్రవేత్తలు ఒకే ఉష్ణోగ్రత వద్ద వేర్వేరు లోహాల ఉష్ణవాహకత్వానికీ విద్యుద్వాహకత్వానికీ మధ్య నిష్పత్తి దాదాపు ఒక్కటేనని కనుగొన్నారు. వంటింటి సామానులోనే దీనికి సాక్ష్యం ఉంది. మీటరుకు, ఒక్కో కెల్విన్ తేడాకు వాట్లలో చెబితే రాగి ఉష్ణవాహకత్వం సుమారు 400, అల్యూమినియానిది 237, ఇనుముది 80, స్టెయిన్‌లెస్ స్టీలుది కేవలం 15. అంటే స్టీలు రాగి కంటే వేడిని పాతిక రెట్లకు పైగా తక్కువగా మోస్తుంది, కరెంటును కూడా సుమారు నలభై రెట్లు తక్కువగా మోస్తుంది. పులుసు కలుపుతున్న స్టీలు గరిటె కాడను చాలాసేపు పట్టుకోగలగడానికీ, ఇంటి వైరింగుకు స్టీలు తీగ పనికిరాకపోవడానికీ మూలం ఒకటే.

లోహాలను దాటి అడుగుపెట్టగానే ఈ జంట విడిపోతుంది. స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు లేనిచోట వేడి పరమాణువుల కంపనాల రూపంలో ఒకదాని నుంచి మరొకదానికి పాకుతుంది గాని కరెంటుకు దారి ఉండదు. గోల్కొండ పేరుతో లోకానికి తెలిసిన వజ్రమే ఇందుకు గొప్ప ఉదాహరణ. రంగులేని మేలైన వజ్రం కరెంటును రానివ్వదు, కాని వేడిని రాగి కంటే ఐదు రెట్లు ఎక్కువగా మోస్తుంది. ఇస్త్రీ పెట్టెలో కరెంటుకు వేడెక్కే నైక్రోమ్ తీగకు ఆధారంగా వాడే అభ్రకపు రేకు సంగతి మరో విధంగా ఉంటుంది. ఒకప్పటి నెల్లూరు జిల్లాలోని గూడూరు గనులు దీనికే ప్రసిద్ధి. అభ్రకం వేడిని అంత బాగా మోయదు, అయినా కాగితంలా పలుచగా ఉండడం వల్ల వేడి దానిని సులువుగా దాటిపోతుంది, కరెంటు మాత్రం అక్కడే ఆగిపోతుంది. పలుచని పొర, మందమైన పొర అనే తేడా కూడా లెక్కలోకి వస్తుందని పట్టికలో ఎక్కడా లేదు.

ఇక గీజరు విషయానికి వస్తాను. నన్ను ఈ లేఖకు పురికొల్పింది అదే.

మా కింది వాటాలో అద్దెకు ఉంటున్న కుటుంబంలోని గృహిణి గత చలికాలంలో ఒక ఉదయం పైకి వచ్చి, ‘సార్, స్నానాల గదిలో నల్లా ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటున్నది, పిల్లల్ని పంపాలంటే భయమైతున్నది’ అన్నారు. అప్పటికే ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిపించారట. అతను చూసి, ‘పైపులన్నీ ప్లాస్టిక్‌వే కదమ్మా, కరెంటు ఎట్ల వస్తది, మీకు అట్ల అనిపిస్తున్నదంతే’ అని చెప్పి వెళ్లిపోయాడట. ఆ యువకుడిని నేను తప్పుపట్టను. మీ పట్టికలో ఉన్నమాటే అతనూ చిన్నప్పుడు బడిలో నేర్చుకుని ఉంటాడు. నేను వెంటనే మెయిన్ ఆపించి, మరుసటి రోజు అనుభవజ్ఞుడైన మరొకరిని పిలిపించి గీజరు విప్పించాను.

లోపల కనిపించింది మీ పాఠకులు తెలుసుకోదగినది. గీజరు కాయిల్ అని మనం పిలిచే గొట్టంలో మధ్యగా నైక్రోమ్ తీగ ఉంటుంది, బయట రాగి తొడుగు గాని స్టీలు తొడుగు గాని ఉంటుంది. ఆ రెండింటి నడుమ మెగ్నీషియం ఆక్సైడు పొడిని గట్టిగా దట్టిస్తారు. ఈ తెల్లని పొడి కరెంటును ఆపుతూనే వేడిని బయటికి పంపిస్తుంది. మీ పట్టిక ప్రకారం ఇటువంటి పదార్థం ఉండనే ఉండకూడదు, కాని నగరంలో కరెంటు గీజరున్న ప్రతి ఇంట్లోనూ అది ఉంది. దాని బలహీనత ఒక్కటే: అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, తేమ చేరితే కరెంటును లీకు చేస్తుంది. అందుకే గొట్టం రెండు చివరలనూ సీలు చేస్తారు. తొడుగు చెక్కుచెదరనంత కాలం లోపలి పొడికి తేమ తగలదు.

మా భవనంలో మంజీరా నల్లా నీళ్లు చాలక ఏడాదిలో సగం రోజులు బోరు నీళ్లే వాడతాము. లవణాలు ఎక్కువగా ఉన్న కఠినజలం కావడం వల్ల కాయిల్ చుట్టూ మందంగా తెల్లటి గార కట్టి ఉంది. ఈ గార ప్రధానంగా కాల్షియం కార్బొనేటు. దాని ఉష్ణవాహకత్వం రాగితో పోలిస్తే నూరు రెట్లకు మించి తక్కువ. ఇక్కడ చిన్న లెక్క చెప్పడానికి అనుమతించండి. 2000 వాట్ల కాయిల్ ఉపరితలం సుమారు 200 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే, ఒక్కో చదరపు సెంటీమీటరు నుంచి 10 వాట్లు నీటిలోకి పోవాలి. కాయిల్ వాట్లు మారవు, ఆ వేడి ఎలాగైనా బయటికి పోక తప్పదు. మధ్యలో ఒక్క మిల్లీమీటరు గార అడ్డుపడితే, దానిని దాటించడానికి లోహపు తొడుగు నీటి కంటే దాదాపు 100 డిగ్రీలు ఎక్కువ వేడెక్కాలి. మందం పెరిగినకొద్దీ ఈ తేడా కూడా పెరుగుతుంది. రోజూ అంత వేడికి సాగుతూ, చల్లారి ముడుచుకుంటూ ఉండే తొడుగుకు ఏదో ఒక రోజు పగులు రాక మానదు. పగులు గుండా నీరు మెగ్నీషియం ఆక్సైడులోకి చేరుతుంది, పొడి తడిసి కరెంటు తొడుగుకూ, తొడుగు నుంచి నీటికీ, గీజరు తొట్టికీ చేరుతుంది. వేడిని అడ్డుకున్న గారే కరెంటును అడ్డుకునే పొడిని చెడగొట్టిందన్న మాట.

అయినా ఎర్త్ వైరు సరిగ్గా ఉంటే ఆ కరెంటు భూమిలోకి పోయి ఉండేది. విప్పి చూస్తే గోడలోని సాకెట్‌కు వచ్చిన ఆకుపచ్చ వైరు ఎక్కడికీ కలపకుండా టేపు చుట్టి వదిలేసి ఉంది. త్రీ పిన్ ప్లగ్గులో మిగతా రెండు పిన్నుల కంటే పొడవుగా, లావుగా ఉండే పిన్ను ఊరికే అలంకారానికి పెట్టింది కాదు. సాకెట్‌లోకి అది అన్నిటికంటే ముందు తగలాలని, బయటికి తీసేటప్పుడు అన్నిటికంటే ఆఖరున విడిపోవాలని అలా చేస్తారు. పాత ఇళ్లలో జీఐ పైపులు ఉన్న రోజుల్లో ఆ ఇనుప పైపులే నేలలోకి దిగి, ఎవరూ అనుకోకుండానే కొంతవరకు ఎర్తింగ్ పని చేసేవి. ఇప్పుడు ప్లాస్టిక్ పైపులు వచ్చాక ఆ దారి కూడా మూసుకుపోయింది. ప్లాస్టిక్ పైపు వేసుకోవద్దని నేననను. అయితే అది వచ్చాక సరైన ఎర్తింగ్ అవసరం మరింత పెరిగిందే గాని తగ్గలేదు.

ప్లాస్టిక్ పైపులోంచి షాక్ ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు ఆ పైపు గోడలో లేదు, అందులో నిండిన నీటిలో ఉంది. శుద్ధమైన స్వేదనజలం దాదాపుగా బంధకమే, అంటే కరెంటును రానివ్వనిదే. బోరు నీటిలో కరిగిన లవణాల వల్ల అది కరెంటును మోస్తుంది. లవణాలు ఎక్కువగా ఉన్న నీటితో నిండిన అరంగుళం పైపుకు మీటరు పొడవున సుమారు 50 వేల నుంచి లక్ష ఓమ్‌ల నిరోధం ఉంటుంది. 230 వోల్టుల వద్ద దాని గుండా 2 నుంచి 5 మిల్లీ ఆంపియర్ల వరకు పోగలదు. ఒక మిల్లీ ఆంపియరుకే మన చర్మానికి తెలుస్తుంది. ఆ గృహిణికి ‘అట్ల అనిపించడం’ కాదు, నిజంగానే కరెంటు తగిలింది. గీజరుకు నల్లా ఇంకా దగ్గరగా ఉండి ఉంటే, లేదా మధ్యలో లోహపు పైపు ఉండి ఉంటే ఏమై ఉండేదో ఊహించడానికే నాకు మనసు రావడం లేదు.

రెండో విషయం పైకప్పుది. నాలుగైదు అంగుళాల ఆర్‌సీసీ స్లాబు కింద పై అంతస్తులో నివసించేవారికి ఏప్రిల్, మే నెలల్లో రాత్రులు ఎలా ఉంటాయో హైదరాబాద్ వాసులకు చెప్పనక్కరలేదు. మధ్యాహ్నం పైతలం పీల్చుకున్న వేడి కొన్ని గంటలు ఆలస్యంగా, మనం పడుకునే వేళకు కిందికి దిగుతుంది. రాష్ట్ర ప్రభుత్వం 2023లో ప్రకటించిన కూల్ రూఫ్ విధానం ఈ బాధను గుర్తించి చేసినదే. అందులో చెప్పిన తెల్లని పూత వేడిని ఆపే బంధకం కాదు, ఎండను తిప్పికొట్టే తలం మాత్రమే అన్న సంగతిని మీ వ్యాసం కలగాపులగం చేసింది. ఆ పూత బయటి నుంచే వేడిని రాకుండా చేస్తుంది కాబట్టి లోపలి వైర్లకు దానివల్ల మేలే గాని కీడు లేదు. నా భయమంతా లోపల వేసే థర్మోకోల్ గురించి.

ఇప్పుడు కాలనీల్లో చాలామంది స్లాబు కింద థర్మోకోల్ పలకలు అతికించి, వాటి కింద ఫాల్స్ సీలింగ్ చేయిస్తున్నారు. పైన లోహాలకు చెప్పిన కొలతలోనే థర్మోకోల్ ఉష్ణవాహకత్వం సుమారు 0.035. దానిలోని బుడగల్లో చిక్కుకున్న కదలని గాలే వేడిని ఆపుతుంది, కనుక గది చల్లబడే మాట నిజం. కాని లైట్లకు, ఫ్యానుకు, కొన్ని ఇళ్లలో ఏసీకి కూడా పోయే వైర్లను పైపుల్లో వేయకుండా ఆ పలకల మధ్యనే నేరుగా పరిచేస్తున్నారు. ఇందులో రెండు ప్రమాదాలున్నాయి.

తీగలో కరెంటు ప్రవహిస్తే వేడి పుడుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరులో 16 ఆంపియర్లు పోతే ఒక్కో మీటరుకు రెండు వాట్ల దాకా వేడి పుడుతూనే ఉంటుంది. గాలి ఆడే చోట అది ఎప్పటికప్పుడు చల్లారిపోతుంది. అన్ని వైపులా థర్మోకోల్ కప్పేస్తే పోయే దారి ఉండదు. చుట్టూ ఉష్ణబంధకం కప్పిన కేబుల్ మామూలుగా మోయగలిగిన కరెంటులో సుమారు సగమే మోయాలని వైరింగు ప్రమాణాలు చెబుతున్నాయి. వైరు మీద ఉండే సాధారణ పీవీసీ ప్లాస్టిక్ తొడుగుకు నిర్దేశించిన గరిష్ఠ ఉష్ణోగ్రత 70 డిగ్రీలు. వేసవి మధ్యాహ్నం స్లాబుకూ సీలింగుకూ మధ్య ఉండే చోటు ముందే బాగా వేడెక్కి ఉంటుంది కాబట్టి, ఆ పరిమితికి మిగిలే ఎడం చాలా తక్కువ. దానిని రోజూ దాటితే పీవీసీ మెత్తబడి, క్రమంగా గట్టిపడి, చివరికి పెళుసుబారుతుంది.

రెండో ప్రమాదం చాలామంది ఎలక్ట్రీషియన్లకు కూడా తెలియదు. పీవీసీని వంగేలా మెత్తగా ఉంచడానికి అందులో కలిపే నూనెలాంటి పదార్థం, వైరు థర్మోకోల్‌ను తాకుతూ ఉంటే ఏళ్ల తరబడి మెల్లగా థర్మోకోల్‌లోకి వెళ్లిపోతుంది. వైరు తొడుగు బిరుసెక్కుతుంది, దానికి తగిలిన చోట థర్మోకోల్ కరిగినట్లు జిగురుగా మారుతుంది. వేడి ఎక్కువైతే ఇది మరింత త్వరగా జరుగుతుంది. మీ పట్టికలో ప్లాస్టిక్, థర్మోకోల్ పక్కపక్కనే, రెండూ ‘సురక్షితం’ అన్న శీర్షిక కింద ఉన్నాయి. ఇంటి పైకప్పులో అవి పక్కపక్కన ఉండకూడని వస్తువులు. వైరును గట్టి పైపులో వేసి, థర్మోకోల్‌కు తగలకుండా ఎడంగా తీసుకుపోతే ఈ చిక్కే ఉండదు. అయ్యే అదనపు ఖర్చు కూడా పెద్దది కాదు.

చెక్క, పింగాణీల గురించి క్లుప్తంగా చెబుతాను. 1729లో ఇంగ్లండులో స్టీఫెన్ గ్రే అనే ఆయన స్థిరవిద్యుత్తును జనపనార తాడు వెంట వందల అడుగుల దూరం పంపించాడు. తాడును పట్టుదారాలతో వేలాడదీసినప్పుడు ప్రయోగం ఫలించింది, పట్టుదారాలు తెగిపోతే వాటి చోట ఇత్తడి తీగ కట్టినప్పుడు విఫలమైంది. వాహకాలు, బంధకాలు అన్న విభజన అక్కడి నుంచే మొదలైంది. ఇందులో గమనించవలసింది జనపనార గురించి. బాగా ఎండిన నార అంతగా కరెంటును మోయదు, తాడులో ఉన్న తేమే దానిని వాహకంగా మార్చింది. తడిసిన కర్రతో తెగిన వైరును పక్కకు తోయబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవారి వార్తలు మీ పత్రికలోనే చదివాను. స్తంభాల మీద పింగాణీ ఇన్సులేటర్లకు గొడుగుల్లాంటి అంచులు పెట్టేది కూడా వానలో కింది భాగమైనా పొడిగా ఉండాలనే. అయినా వేసవంతా పట్టిన దుమ్ము మీద తొలకరి జల్లు పడగానే ఆ బురద పొర వెంట కరెంటు పాకి, ఒక్కోసారి మెరుపు వచ్చి లైను ఆగిపోతుంది. మొదటి వానకే కరెంటు ఎందుకు పోతుందని విసుక్కునేవారికి ఇది ఒక కారణం.

బట్టలు ఆరేసే దండెం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పైన ప్లాస్టిక్ పూత ఉన్న జీఐ తీగ కొని, అది ప్లాస్టిక్ కదా అని కిటికీ ఊచకూ, ఏసీ స్టాండుకూ కడతారు. ముడి వేసిన చోట పూత చీలి లోపలి ఇనుము బయటపడుతుంది. పైన తడి బట్టలు, కింద తడి నేల. ఎక్కడైనా ఒక వైరు తెగి ఆ స్టాండుకు ఆనితే, మిగతా పూత ఎంత బాగున్నా ప్రయోజనం లేదు. పొడి చర్మానికి లక్ష ఓమ్‌ల వరకు ఉండగల నిరోధం తడిసినప్పుడు వెయ్యి ఓమ్‌లకు పడిపోవచ్చు. అప్పుడు 230 వోల్టులకు ఒంట్లో పోయేది 230 మిల్లీ ఆంపియర్లు. మెయిన్ బోర్డులోని 16 లేదా 20 ఆంపియర్ల ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే ఆపేసే స్విచ్చు, దానిని కనిపెట్టనైనా కనిపెట్టదు. వెళ్లే కరెంటుకూ తిరిగివచ్చే కరెంటుకూ మధ్య 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే క్షణంలో ఆపేసే ఆర్‌సీసీబీ అనే పరికరం అందుకే ఉంది. మా భవనంలో ఇప్పుడు ప్రతి వాటాకూ అది పెట్టించాము. గీజరుకు కొత్త కాయిల్ వేయించి, ఎర్త్ గుంతను తిరిగి తవ్వించి, ఆకుపచ్చ వైరును దానికి కలిపించాము. ఏటా చలికాలానికి ముందు గార తీయించాలని కూడా నిర్ణయించుకున్నాము.

అద్దె ఇంట్లో ఉండేవారికి గోడలోపలి వైరును తెరిచి చూసే హక్కూ ఉండదు, చూపించే స్తోమతా చాలామందికి ఉండదు. వారు పత్రికలో వచ్చిన నాలుగు వాక్యాల మీదే ఆధారపడతారు. అందుకే మీకు ఇంత పొడవున రాయవలసి వచ్చింది. దయచేసి ఆ పట్టికను సవరించి, వానాకాలం రాకముందే మళ్లీ ముద్రించండి. వేడికి ఒకటి, కరెంటుకు ఒకటి చొప్పున రెండు వేర్వేరు పట్టికలు ఇవ్వండి. కరెంటు పట్టికలో ప్లాస్టిక్, చెక్క, రబ్బరు, పింగాణీ అన్న ప్రతి పేరు పక్కనా ‘పొడిగా, పగుళ్లు లేకుండా, వేడెక్కకుండా ఉన్నంత వరకే’ అన్న మాటలు చేర్చండి. థర్మోకోల్‌ను వేడి పట్టికలోనే ఉంచి, దాని కింద ‘కరెంటు వైర్లకు తగలనివ్వరాదు’ అని ఒక వాక్యం రాయించండి.

ఇట్లు,
విశ్రాంత భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
మల్కాజిగిరి, హైదరాబాద్.